ఒక్క తొక్కుడుకి ఎంత చీర

పెద్దమ్మ పోయిందన్న ఫోను గురువారం పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. సత్తెనపల్లిలో, కూతురింట్లో, నిద్రలోనే పోయిందట. ఫోను పెట్టేసి నేను ఆమె సైకిల్ని మా పెరట్లో తలకిందులుగా నిలబెట్టాను. డీజిల్లో ముంచిన పాత బ్రష్షు తీసుకుని చైను తోముతూ కూర్చున్నాను.

అది చూసి మా ఇంట్లో మూడు అభిప్రాయాలు తయారయ్యాయి. 'దీని గుండె రాయి, ఒక్క చుక్క రాలలేదు చూడు' అని అమ్మ. 'పాల కేంద్రం ఉద్యోగం పోద్దని దిగులు' అని నాన్న. 'సైకిల్ తిరిగి ఇచ్చేయాలిగా, అందుకే కడుగుతోంది' అని అన్న. ముగ్గురూ తప్పే. మంగళవారం పెద్దమ్మ ఫోన్ చేసి 'చైను కడిగావటే?' అని అడిగితే 'కడిగా' అని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధాన్ని నిజం చేస్తున్నాను, అంతే. ఇంట్లో ఒక్కరైనా 'ఏం చేస్తున్నావు' అని అడిగి ఉంటే ఈ మాటే చెప్పేదాన్ని. మా వాళ్ళు అడగరు. చూస్తారు, తేల్చేస్తారు.

నన్ను ఇలా తేల్చేయడం కొత్త కాదు. డిగ్రీ అయిన ఈ రెండేళ్ళలో రెండు ఉద్యోగాలు మానేశాను కాబట్టి నేను కుదురు లేని పిల్లని. చుట్టాలొస్తే అమ్మ కాఫీ కంటే ముందు ఈ మాట అందిస్తుంది. మొదటిది పక్క పల్లెలో ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పడం. అన్న బండి మీద దించేవాడు. అన్నకి పిడుగురాళ్ళలో సున్నం మిల్లులో పని దొరికింది, బండి అటు తిరిగింది, నాకు స్కూలు ఆగిపోయింది. రెండోది ఒక విత్తనాల కంపెనీ వాళ్ళ పొలాల్లో మొక్కల లెక్కలు రాయడం. నాన్న మోపెడ్ తీసుకుని వెళ్ళేదాన్ని. పత్తి తీతలు మొదలవగానే మోపెడ్ పొలానికి వెళ్ళింది, నేను ఇంటికి వచ్చాను. స్కూటీ అడిగాను. 'ఒక్క ఉద్యోగంలో ఏడాది నిలబడు, కొనిస్తా' అన్నాడు నాన్న. ఉద్యోగంలో నిలబడాలంటే ముందు దాని దగ్గరికి వెళ్ళాలి కదా. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. గోడ అవతల ఉన్న పెద్దమ్మకి తట్టింది.

ఆమె మాకు చుట్టం కాదు. కారంపూడిలో మా పక్కిల్లు, అందుకని పెద్దమ్మ. ఊరికి మాత్రం నర్సమ్మ. ముప్పై ఏళ్ళకి పైగా చుట్టుపక్కల పల్లెలకి సైకిల్ మీద తిరిగి పిల్లలకి సూదులు వేసింది, కాన్పులు చూసింది. రిటైరయ్యాక మోకాళ్ళు మొండికేశాయి. అయినా సైకిల్ని ఇంటి పక్క సందులో, ఎండ తగలకుండా, పాత దుప్పటి కప్పి ఉంచేది. మనిషికి కప్పినట్టే అంచులు లోపలికి మడిచేది.

రెండో ఉద్యోగం పోయిన వారం, గోడ మీదుగా మా అమ్మకి కరివేపాకు అందిస్తూ నన్ను చూసింది.

"ఏమే, మళ్ళీ మానేశావంటగా?"

"మానేయలేదు పెద్దమ్మా. వెళ్ళడానికి లేదు."

"ఎట్టా పోయేదానివి?"

చెప్పాను. బండి సంగతీ, మోపెడ్ సంగతీ. ఆమె అంతా వింది. ఒంట్లో బాలేదని వచ్చినవాళ్ళు చెప్పేది కూడా అలాగే వినేది, చివరిదాకా, మధ్యలో మందు పేరు చెప్పకుండా.

"అంటే మానేసింది మీ నాయన మోపెడ్డు. నువ్వు కాదు."

మా అమ్మ కరివేపాకు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. రెండేళ్ళలో నా గురించి ఎవరైనా అన్న మొదటి నిజమైన మాట అది. అంత నిజం మాట అని ఆమె మళ్ళీ చిక్కుడుకాయల పందిరి దగ్గరికి వెళ్ళిపోయింది.

నెల తర్వాత పాల కేంద్రం కబురు వచ్చింది. ఊరికి ఆరు కిలోమీటర్లు. పాలలో వెన్న శాతం చూడాలి, కంప్యూటర్లో ఎక్కించాలి. కెమిస్ట్రీ చదివిన వాళ్ళు కావాలి. పొద్దున ఐదున్నరకి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఇంకోసారి. ఆ వేళల్లో అటు బస్సు లేదు. రోజుకి రెండుసార్లు పోయి రావాలి. అన్నని అడగబోయి ఆగిపోయాను. పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి సైకిల్ అడిగాను.

దుప్పటి తీసింది. నల్ల లేడీస్ సైకిల్. చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి వల. వెనక క్యారేజీకి నాలుగు మూలలా తాడు కట్టి కట్టి అరిగిన గుర్తులు. అక్కడ ఐసు పెట్టె ఉండేది, పిల్లల టీకా మందులు చెడిపోకుండా.

తొక్కి చూశాను. కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి, సైకిల్ మాత్రం పెళ్ళివారి నడకలా కదులుతోంది. ఆపి చూస్తే ముందు పెడలు దగ్గరి పళ్ళచక్రానికి నలభై నాలుగు పళ్ళు, వెనక చక్రం మధ్యలో చైను పట్టే ఫ్రీవీలుకి ఇరవై రెండు. మామూలుగా ఊళ్ళో సైకిళ్ళకి వెనక పద్దెనిమిది ఉంటాయి. వెనక పళ్ళు పెరిగితే తొక్కడం తేలిక, కానీ ఒక్కో తొక్కుడుకి పోయే దూరం తక్కువ. ఇరవై రెండు అంటే బరువులు లాగే బండ్లకి వేసేవి.

"ఇదేంది పెద్దమ్మా, రిక్షా పళ్ళు?"

"నవ్వుకో. అందరూ నవ్వారులే. ఆడమనిషి సైకిలెక్కితే నవ్వారు, రిక్షా పళ్ళు వేయిస్తే ఇంకా నవ్వారు. నవ్వినోళ్ళ పిల్లలకి కూడా నేనే సూది వేశా."

నేను చదువుకున్నదాన్ని కదా. వారం రోజులు ఫోన్లో వీడియోలు చూశాను. గేర్లు లేని సైకిల్ మీద ఎక్కడెక్కడి కుర్రాళ్ళో దూసుకుపోతున్నారు. కొందరి సైకిళ్ళకి ఫ్రీవీలే లేదు, చక్రం తిరుగుతున్నంతసేపూ పెడలు తిరుగుతూనే ఉంటుంది. పెద్దమ్మకి చూపిస్తే, 'దిగుడులో కూడా కాళ్ళు ఆడించాల్నా? ఎవుడికే ఈ శిక్ష?' అంది. నేను ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగించి, చక్రం చుట్టుకొలతతో హెచ్చించి, నిమిషానికి ఎన్ని తొక్కుళ్ళకి ఎంత వేగమో పట్టిక వేశాను. పదహారు పళ్ళు అని తేల్చాను. ఇరవై రెండుకీ పదహారుకీ మధ్య రోజుకి దాదాపు అరగంట తేడా. పట్టికలో.

పెద్దమ్మ పట్టికని కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. "అంకెలు బాగున్నాయి. వేయించుకో పో. నా ఇరవై రెండు మాత్రం పారేయొద్దు" అంది. వద్దని ఒక్క మాట అనలేదు. మా ఇంట్లో ఐతే నా పట్టిక చూడకుండానే వద్దనేవాళ్ళు. ఆమె చూసి, తప్పని తెలిసీ, సరేనంది. ఈ రెంటికీ తేడా నాకు ఇప్పుడు బాగా తెలుస్తోంది.

బస్టాండు దగ్గర సైకిల్ షాపు బాబాయ్ ఇరవై రెండు విప్పి, రెండు లింకులు తీసి చైను కురచ చేసి, పదహారు వేశాడు. ఆదివారం పొద్దున పాల కేంద్రం దాకా పోయి చూశాను. పంతొమ్మిది నిమిషాలు. సాగర్ కాలువ వంతెన ఎత్తు కూడా ఒక్క ఊపులో ఎక్కేశాను. తిరిగి వచ్చేప్పుడు ఎవరో ట్రాక్టరు మీద ఎక్కించుకున్నారు, సైకిల్ వెనకేసి. ఆ సంగతి పట్టికలో రాయలేదు.

పాల కేంద్రం వాళ్ళు మూడు రోజులు వచ్చి పని నేర్చుకోమన్నారు. మొదటి రోజు సాయంత్రం ఏడింటికి తిరిగి వస్తుంటే ఎదురుగాలి. పగలంతా కాగిన పడమటి గాలి, పత్తి చేల మీదుగా మొహానికి కొడుతోంది. క్యారేజీ మీద పరీక్ష సామాను పెట్టె, నేర్చుకోవడానికి ఇంటికి పంపారు. పదహారు పళ్ళు రాళ్ళలా బిగుసుకుపోయాయి. సీటు మీంచి లేచి నిలబడి తొక్కాను. వంతెన ఎత్తు దగ్గర అదీ కుదరలేదు. దిగి తోసుకుంటూ నడిచాను. గేదెలు తోలుకుని వస్తున్న ఒక పెద్దాయన ఆగి చూశాడు.

"ఏమ్మా, సైకిలు నిన్ను తీసుకుపోవాలా, నువ్వు సైకిల్ని తీసుకుపోవాలా?"

రెండో రోజు మోకాలు పట్టేసింది. మూడో రోజు వెళ్ళలేదు. మా ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 'ఇదీ అయిపోయింది' అన్న చూపు అది.

కుంటుకుంటూ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. మోకాలు నొక్కి చూసి, వేడి నీళ్ళ గుడ్డ పెట్టింది. తర్వాత నన్ను సందులోకి తీసుకెళ్ళింది. ఆ సందు సిమెంటు నేల మీద అడ్డంగా మూడు గీతలున్నాయి. చిన్నప్పటినుంచీ చూస్తున్నా, ఎందుకో ఎప్పుడూ అడగలేదు. సిమెంటు పోయించిన రోజు, తడి ఆరకముందే మేకుతో గీసిందట. తాపీ మేస్త్రీ నెత్తి బాదుకున్నాడట.

దండెం మీంచి ఒక వాయిలు చీర తీసి, మొదటి గీత దగ్గర అంచు పెట్టి, నేల మీద పొడవునా పరిచింది. చీర చివర సరిగ్గా మూడో గీత మీద ఆగింది.

"పద్దెనిమిది పళ్ళకి, పెడలు ఒక్క చుట్టు తిరిగితే సైకిలు ఇంత దూరం పోద్ది. ఒక చీర."

కొంగు భాగం మడిచింది. చీర రెండో గీత దగ్గరికి వచ్చింది. "ఇది నా ఇరవై రెండు. కొంగు వదిలేసినంత." తర్వాత మడత విప్పి, మూడో గీత దాటి ముప్పావు గజం దూరంలో చెప్పు విడిచి గుర్తు పెట్టింది. "నీ పదహారు. జాకెట్టు ముక్క కత్తిరించని కొత్త చీర. ఒక్క తొక్కుడుకి అంత చీర లాగుతానంటన్నావు. లాగొచ్చు. ఎంతసేపు?"

నా పట్టికలో ఉన్నదే అది. మీటర్లలో ఉంటే నాకు ఏమీ అనిపించలేదు. నేల మీద చీర పరిచి చూస్తే, నా కాళ్ళు ఒక్కో చుట్టుకీ ఎంత లాగుతున్నాయో మోకాలికి అర్థమైంది.

"నువ్వు ఏ రోజు తొక్కి చూశావు?" అంది.

"ఆదివారం."

"గాలి వెనక. పెట్టె లేదు. కడుపునిండా టిఫిను. ఓపికున్న రోజు చూసుకుని పళ్ళు పెట్టుకుంటే, ఓపిక లేని రోజు ఎవురు తొక్కుతారు? మీ అన్నా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నెలసరి రెండో రోజు తొక్కి చూడు. సాయంత్రం పూట, గాలికి ఎదురు, పెట్టె కట్టుకుని. ఆ రోజు ఏ పళ్ళు తొక్కగలవో అయ్యే నీ పళ్ళు. మిగతా రోజులు ఎట్టాగైనా గడిచిపోతయ్."

ఆమె ఇరవై రెండు పళ్ళు కూడా అలా వచ్చినవే. కూతురు కడుపులో ఉన్నప్పుడు, ఏడో నెలలో, పద్దెనిమిది లాగలేక వేయించుకుంది. 'ఏడో నెలలో సైకిల్ తొక్కావా' అంటే, 'తొక్కొద్దని చెప్పాల్సిన నర్సుని నేనే, ఇంకెవురు చెప్తారు?' అంది. కాన్పయ్యాక మళ్ళీ పద్దెనిమిది ఎందుకు వేయించుకోలేదని అడిగాను.

"వేయిస్తే ఐదు నిముషాలు ముందు పోతా. పోయి ఏం జెయ్యాల? పిల్లోళ్ళు నిద్ర లేవొద్దా?"

మర్నాడు షాపుకి తనే వచ్చింది, నా భుజం పట్టుకుని నడుచుకుంటూ. బాబాయ్‌తో, ఇరవై రెండు తిరిగి వేసి ఇమ్మంది. ఒక పాత పద్దెనిమిది కూడా ఎరువు ఇమ్మంది, వాడి తిరిగిచ్చేట్టు. ఒక నెల ఇది, ఇంకో నెల అది తొక్కి చూస్తుంది పిల్ల అంది.

"దానికి నెలెందుకమ్మా? సాయంత్రానికి తెలిసిపోద్దిగా?"

"నెలకి ఒక్క రోజేరా ఆడపిల్ల అసలు తూకం తెలిసేది" అని, ఏ రోజో కూడా చెప్పింది. బాబాయ్ పంచరు చూసే నీళ్ళ తొట్టిలోకి చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. అందులో ట్యూబు లేదు.

రెండు నెలలు పట్టింది. పాల కేంద్రం మేనేజరుకి మోకాలి సంగతి చెప్పి గడువు అడిగాను. అప్పటిదాకా ఆ పని చేస్తున్న పాత మనిషి ఇంకా ఉన్నాడు కాబట్టి సరేనన్నాడు. మొదటి నెల, నెలసరి రెండో రోజు సాయంత్రం, ఇరవై రెండు పళ్ళతో, క్యారేజీ మీద పెట్టెలో రెండు ఇటుకలు పెట్టుకుని వెళ్ళాను. కడుపులో మెలి తిప్పుతోంది. వంతెన మీద కూడా దిగలేదు. కానీ గాలి లేనిచోట కాళ్ళు ఊరికే తిరిగాయి, ముందుకి పోవడానికి ఏదో కరువైనట్టు. రెండో నెల అదే రోజు, పద్దెనిమిదితో. ఐదు కిలోమీటర్లు బాగానే వచ్చాను. వంతెన ఎత్తు సగంలో దిగాను. ఎక్కడ దిగానో చూసుకోవడానికి అక్కడ రోడ్డు పక్కన ఒక రాయి పెట్టాను.

వచ్చి చెప్పాను. నాకు ఇరవై కావాలి పెద్దమ్మా, అన్నాను. ఆమెది కాని అంకె చెప్పడానికి కొంచెం జంకాను.

"ఇరవయ్యే పెట్టుకో. నాది నీకు సరిపోవాలని యాడుంది? నేను ఐసు పెట్టె మోశా, కడుపు మోశా. నువ్వు టిఫిను డబ్బా మోస్తావు."

ఇరవై పళ్ళ ఫ్రీవీలు కారంపూడిలో లేదు. నరసరావుపేట నుంచి తెప్పిస్తానని, అప్పటిదాకా తన పద్దెనిమిది తీసుకుని మళ్ళీ ఇరవై రెండే వేశాడు బాబాయ్. ఈలోగా మోకాళ్ళకి ఏదో వైద్యం అని కూతురు వచ్చి పెద్దమ్మని సత్తెనపల్లి తీసుకెళ్ళింది. ఆటో ఎక్కుతూ నాకు అప్పగించిన పనులు రెండు. చిక్కుడుపాదుకి నీళ్ళు. ఆదివారం ఆదివారం చైను. ఆటో కదిలాక మూడోది గుర్తొచ్చి తల బయటికి పెట్టింది.

"ఇరవై వేయించాక సందులో గీత పెట్టు. వచ్చి చూస్తా."

ఆ గురువారం సాయంత్రానికి ఆమెని కారంపూడి తీసుకొచ్చారు. ఊళ్ళోవాళ్ళ కంటే పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. నలభై ఏళ్ళ మగమనుషులు, మెడలో తువ్వాళ్ళతో, గోడ పక్కన నిలబడ్డారు. ఒకాయన పక్కవాడికి చొక్కా చెయ్యి భుజం దాకా ఎత్తి పాత టీకా మచ్చ చూపిస్తున్నాడు. 'నాదీ ఉందిలే, దించు' అన్నాడు పక్కవాడు. నేను అప్పుడూ ఏడవలేదు. మా అమ్మ అదీ గమనించింది.

నిన్న, పదో రోజు శనివారం, పెద్దమ్మ కూతురు ఇల్లు సర్దింది. ఇవాళ పెద్దకర్మ, రేపు ఇంటికి తాళం. పాత ఇనప సామాన్లవాడు తోపుడుబండి సందు మొదట్లో ఆపి, తుప్పుపట్టిన ట్రంకుపెట్టె, ఇనప మంచం ఎక్కిస్తున్నాడు. రేపు సోమవారం పొద్దున ఐదున్నరకి నేను పాల కేంద్రంలో ఉండాలి. పాత మనిషి వెళ్ళిపోయాడు. నేను రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటామని మేనేజరు స్పష్టంగా చెప్పాడు. సైకిల్ నాది కాదు. ఎవరూ ఇవ్వలేదు, వాడుకోమన్నారంతే. తోసుకుంటూ తీసుకెళ్ళి అక్క ముందు నిలబెట్టాను. పెద్దమ్మ కూతుర్ని అక్క అని పిలుస్తాను గానీ ఆమెకి నలభై దాటాయి.

"అక్కా, ఇది నీది."

సామాన్లవాడు పని ఆపి సైకిల్ వంక చూశాడు. బరువు అంచనా కడుతున్నాడు.

"ఇదెందుకే నాకు?" అంది అక్క. "చిన్నప్పుడు బడి నుంచి రాగానే ముందు సందులోకి చూసేదాన్ని. సైకిలుంటే అమ్మ ఉన్నట్టు. లేకపోతే ఏ పల్లెలో ఉందో. చానా రోజులు ఉండేది కాదు." చేత్తో సీటు మీద దుమ్ము తుడిచింది, దుమ్ము లేకపోయినా. "సత్తెనపల్లిలో కూడా మంచం మీంచి నీ గురించే. ఆ పిల్ల పళ్ళు వచ్చినయ్యో లేదో అని. మా ఆయన, ఎవురికి పళ్ళు కట్టిస్తన్నారత్తయ్యా అని అడిగాడు."

నవ్వింది. నేనూ నవ్వాను. సైకిల్ని ఏం చేయాలో మాత్రం ఇంకా చెప్పలేదు.

"నీకిచ్చేస్తన్నా. ఊరికే కాదు. దీన్ని ఇంట్లో పెట్టి దుప్పటి కప్పొద్దు. తిరిగిద్దంటేనే తీసుకుపో."

"రేపు పొద్దున్నే తిరిగిద్దక్కా."

సామాన్లవాడు బండి తోసుకుని వెళ్ళిపోయాడు. నేను సైకిల్ని ఇంటికి తీసుకురాకుండా నేరుగా షాపుకి తీసుకెళ్ళాను. ఇరవై పళ్ళ ఫ్రీవీలు రెండు రోజుల క్రితమే వచ్చి, కాగితంలో చుట్టి ఉంది. బాబాయ్ చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పాడు.

"ఆవిడ గుర్తుగా ఇరవై రెండే ఉంచుకోరాదామ్మా? ఎన్నేళ్ళు తొక్కిందో దాని మీద."

నాకూ ఆ ఆలోచన రాకపోలేదు. నిజానికి ఆమె పోయిన రోజు నుంచీ అదే ఆలోచన. ఆమె పళ్ళ మీద తొక్కితే ఆమె ఉన్నట్టే ఉంటుందని. కానీ ఆమె నాకు ఇచ్చింది ఇరవై రెండు అనే అంకె కాదు. ఏ రోజు చూసి తేల్చుకోవాలో చెప్పింది. అలా చూసి తేల్చుకున్నాక, ఇప్పుడు ఏడుపొచ్చిందని మార్చేస్తే, అది ఆదివారం పొద్దున గాలి వెనక పెట్టుకుని చూసుకున్నట్టే.

"ఇరవై వెయ్ బాబాయ్" అన్నాను. విప్పేప్పుడు ఇరవై రెండు ఒక పట్టాన రాలేదు. ఇద్దరం కలిసి పానా మీద బరువు వేశాం. టక్కుమని వదిలింది. అప్పుడు ఏడ్చాను. బాబాయ్ మళ్ళీ నీళ్ళ తొట్టిలోకి చూశాడు.

ఇంట్లో రాత్రి అన్నం దగ్గర సంగతి చెప్పాను. "డిగ్రీ చదివి సైకిలేంది? పాలు పోయడానికి పోతన్నావనుకుంటారు ఊళ్ళో" అన్నాడు నాన్న. "ఓ వారం నేను దించుతాలే, తర్వాత చూద్దాం" అన్నాడు అన్న. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ 'తర్వాత' నాకు బాగా తెలుసు, రెండుసార్లు చూశాను. అమ్మ మజ్జిగ వడ్డిస్తూ, "సైకిల్ తొక్కితే సన్నబడతావులే, సంబంధాలు చూడొచ్చు" అంది. అదీ తప్పే. దిద్దలేదు.

ఇవాళ పెద్దకర్మ భోజనాలయ్యాక సందు కడిగారు. నీళ్ళు ఆరేదాకా ఆగి, సైకిల్ వెనక చక్రం మొదటి గీత మీద పెట్టి, పెడలు ఒక్క చుట్టు తిప్పాను. చక్రం ఆగినచోట, ఆమె రెండో గీతకీ మూడో గీతకీ మధ్య, కొంచెం ఆమె ఇరవై రెండుకి దగ్గరగా, సగం కొంగు వదిలేసినంత దూరంలో, సుద్దముక్కతో అడ్డంగా గీశాను. ఆ సుద్దముక్క ఆమె డబ్బాలోదే, పోలియో చుక్కలు వేసిన ఇళ్ళ గోడల మీద గుర్తులు పెట్టడానికి ఉంచుకున్నది. ఆమె గీతలు సిమెంటులో ఉన్నాయి. నాది వాన పడితే పోతుంది. పోతే మళ్ళీ గీస్తాను. పెడలు ఒక్క చుట్టు తిప్పితే ఎక్కడ గీయాలో తెలుస్తుంది.

రేపు తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరుతున్నాను. ఎవరూ దించక్కర్లేదు.